స్కాన్ చేయడానికి డబ్బులుంటాయి, కాపాడడానికి ఉండవు

పాత తెలుగు పుస్తకం ఏది కావాలన్నా ఇవాళ మనలో చాలామంది వెళ్లేది ఇంటర్నెట్ ఆర్కైవ్‌కే. అమెరికాలో ఎక్కువగా విరాళాల మీద నడిచే సంస్థ అది. అక్కడ దించుకున్న పుస్తకం వివరాలు ఓసారి కిందిదాకా చదవండి. చాలావాటికి స్కానింగ్ సెంటర్ అన్న చోట "ఆర్‌ఎంఎస్‌సీ, ఐఐఐటీ-హెచ్" అని కనిపిస్తుంది. అది ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లోని స్కానింగ్ కేంద్రం. అంటే ఆ పేజీలు తిప్పింది మనవాళ్లు. ఖర్చు పెట్టింది మన ప్రభుత్వం. మరి ఆ పుస్తకాన్ని మనం అమెరికా సర్వర్ నుంచి ఎందుకు తెచ్చుకోవాల్సి వస్తోంది?

కొత్తవాళ్ల కోసం కాస్త చరిత్ర. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ నుంచి పది లక్షల పుస్తకాలు స్కాన్ చేసే ప్రాజెక్టు తలపెట్టారు. అక్కడి ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ స్కానర్లకి డబ్బిచ్చింది. చైనా కూడా కలిసింది. ఇక్కడ కేంద్ర ఐటీ శాఖ నిధులిస్తే బెంగళూరు ఐఐఎస్‌సీ, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, సీ-డాక్ లాంటి సంస్థలు పనిలోకి దిగాయి. అలా వచ్చింది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా (డీఎల్‌ఐ). తెలుగు పుస్తకాలే వేలల్లో ఎక్కాయి. ఊళ్లో గ్రంథాలయం మూతపడినా, విదేశంలో ఉన్నా, నెట్ ఉంటే చాలు, చదువుకున్నాం.

తర్వాత ఆ సైటు ఆగిపోయింది. కాపీరైట్ అభ్యంతరాలు వచ్చాయి, ఒప్పుకుంటాను. రచయిత పోయాక అరవై ఏళ్లు గడవని పుస్తకాలు అందులో ఉన్నాయి, వాటిని పక్కన పెట్టాల్సిందే. కానీ వాటితోపాటు ఎవరి హక్కులూ లేని వందేళ్లనాటి పుస్తకాలూ మన చేతికి అందకుండా పోయాయి. కార్ల్ మలమూద్ నడిపే పబ్లిక్ రిసోర్స్ అనే చిన్న సంస్థ ముందే కాపీలు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టింది కాబట్టి ఐదు లక్షలకు పైగా పుస్తకాలు మిగిలాయి. ఇన్నేళ్ల ప్రజాధనం బతికి బట్టకట్టింది బయటివాళ్ల చొరవ వల్ల. ఆయనకి నా దండం. మన వ్యవస్థ మీద మాత్రం నాకు కోపం తగ్గదు.

ఎందుకంటే ఇది ఒక సైటు కథ కాదు. మన దగ్గర డిజిటలీకరణకి డబ్బు ఎప్పుడూ "ప్రాజెక్టు"గా వస్తుంది. మూడేళ్లో ఐదేళ్లో గడువు, ఇన్ని లక్షల పేజీలని టార్గెట్, చివర్లో డబ్బంతా ఖర్చయిందని యుటిలైజేషన్ సర్టిఫికెట్. ఫైలు మూసేశారు. ఆ తర్వాత సర్వర్ కరెంటు బిల్లు ఎవరు కడతారు? హార్డ్ డిస్కు ఐదారేళ్లకి మొరాయిస్తుంది. ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో పట్టించే వేలిముద్ర లాంటి సంఖ్య) తీసిపెట్టుకుని, ఒక్క బిట్ మారినా పట్టుకుని, వేరే ఊళ్లో ఉన్న కాపీతో సరిచేయాలి. పాత ఫార్మాట్లు చదివే సాఫ్ట్‌వేర్ పోయేలోపు కొత్తవాటిలోకి మార్చాలి. ఈ పనికి ముగింపు ఉండదు, రిబ్బన్ కటింగూ ఉండదు. చెరువు తవ్వించి గట్టు మరమ్మతుకి పైసా కేటాయించకపోతే ఏమవుతుందో మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు.

ఇంకో నష్టం ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. డీఎల్‌ఐ తెలుగు పుస్తకాల్లో చాలావాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. "ఆంధ్ర" దొరకాలంటే రెండు ఏలు, ఒక ఎన్, దాని నెత్తిన ఓ కొటేషన్ గుర్తు, ఆపైన డి, హెచ్, ఆర్, ఏ కొట్టాలి. ఇది తెలియనివాడికి ఆ పుస్తకం లేనట్టే. స్కాన్లేమో ఉత్త నలుపు తెలుపు. పాత అచ్చులో వత్తులు విరిగిపోతాయి, అరసున్న మరక అనుకుని ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని చదివే సాఫ్ట్‌వేర్) వదిలేస్తుంది, బండి ఱ ఇంకేదో అవుతుంది. వీటిని సరిచేయడం అచ్చమైన పరిశోధన. ఏళ్ల తరబడి నిధులుంటే పీహెచ్‌డీ విద్యార్థులు, లైబ్రేరియన్లు, పండితులు కలిసి కూర్చుని చేయగల పని.

ఇలాంటివాటికి సర్కారు డబ్బు దండగ అనేవాళ్లకి ఒకటే గుర్తుచేస్తాను. 1994లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్, దార్పా (అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ), నాసా కలిసి ఆరు యూనివర్సిటీలకి డిజిటల్ లైబ్రరీల పరిశోధన కోసం గ్రాంట్లిచ్చాయి. అందులో స్టాన్‌ఫర్డ్‌కి వచ్చిన గ్రాంటు అండతోనే లారీ పేజ్, సెర్గీ బ్రిన్ పనిచేశారు. గూగుల్ అందులోంచే వచ్చింది. అలాగని అక్కడ అంతా సవ్యంగా ఉందనను. 2000లో అమెరికన్ కాంగ్రెస్ డిజిటల్ పరిరక్షణ కోసం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి 10 కోట్ల డాలర్లు కేటాయించి, 2007లో అందులో దాదాపు సగం వెనక్కి లాక్కుంది.

2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద సైబర్ దాడి జరిగి కొన్ని రోజులు సైటు మూగబోయింది. ఆ రోజుల్లో ఎందరు తెలుగు పరిశోధకుల పని ఆగిపోయి ఉంటుందో ఆలోచించండి. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది కదా అంటారు. మంచి ప్రయత్నమే, నేనూ వాడతాను. కానీ అది ఎక్కువగా వేరేచోట ఉన్న ఫైలుకి దారి చూపిస్తుంది. ఆ ఫైలే పోతే దారి చూపించి ఏం లాభం?

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. డిజిటలీకరణకి ఇచ్చే ప్రతి గ్రాంటులోనూ కాపాడే ఖర్చుని విడిగా, ఏటేటా వచ్చే పద్దుగా రాయాలి. ప్రజాధనంతో చేసిన ప్రతి స్కాన్ కాపీ కనీసం రెండు యూనివర్సిటీ లైబ్రరీలకి చేరాలి, రెండు తెలుగు రాష్ట్రాల్లో చెరొకటి. హక్కుల గడువు తీరినవి అందరికీ తెరిచి ఉంచాలి. ఈ మూడూ లేని ప్రాజెక్టుకి సంతకమే పెట్టకూడదు.

ఈలోగా ఒక పని మనమే చేయొచ్చు. మీలో ఎవరైనా కాలేజీ లైబ్రరీలోనో, పాత గ్రంథాలయంలోనో పనిచేస్తుంటే మీ స్టోర్ రూముల్లో ఆ స్కానింగ్ కాలం నాటి సీడీలు, హార్డ్ డిస్కులు ఉన్నాయేమో చూడండి. దయచేసి స్క్రాప్ వాడికి వేయకండి. నాకు మెసేజ్ పెట్టండి, కాపీ తీసుకోవడానికి డిస్కులు నేనే తెస్తాను.