పోతన యతి తప్పలేదు

గజేంద్రుని మొరలోని ‘ఎవ్వనిచే జనించు’ పద్యంలో పోతన ఛందస్సు తప్పాడని చెప్పే సందేశం నల్లగొండ మిత్రుల నుంచి మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నది. పంపినవారిలో తెలుగు పాఠం చెప్పే ఉపాధ్యాయులూ ఉన్నారు కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

ఉత్పలమాలలో నడిచే ఈ పద్యంలో రెండో పాదం మాత్రం చంపకమాల అట. ‘ఎవ్వ’ అని గురువుతో మొదలైన పాదం, లఘువుతో మొదలు కావలసిన చంపకమాల ఎట్లా అవుతుంది? అంత్యప్రాస లేదన్న ఆరోపణకు జవాబు అనవసరం. వృత్తం అడిగే ప్రాస రెండో అక్షరానిది.

అసలు హాని మూడో ఆరోపణతో. అది యతి గురించి, అంటే ఈ వృత్తంలో పాదం మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ కుదరవలసిన మైత్రి గురించి. ‘బెవ్వఁ డనాదిమధ్యలయుఁ డెవ్వఁడు సర్వముఁ దాన యైనవాఁ’ అన్న పాదంలో మొదటి అక్షరం ‘బె’, పదో అక్షరం ‘డె’ కాబట్టి యతిభంగమని సందేశం బల్లగుద్ది చెబుతున్నది. సంధి విడదీయకుండా యతి చూడడమేమిటి? రెండో పాదం చివర ఆగిన మాటను కలుపుకొంటే ఇటు ‘మూలకారణంబు + ఎవ్వఁడు’, అటు ‘అనాదిమధ్యలయుఁడు + ఎవ్వఁడు’. రెండుచోట్లా ఉకారం పోయి ఎకారం నిలిచింది. అచ్చుకు అచ్చు, పైగా అదే మాటకు అదే మాట! ఇంతకన్నా గట్టి యతి ఏ కవి వేయగలడు? బకార డకారాల లెక్కే నిజమైతే మొదటి పాదంలోని ‘ఎ’కూ ‘జగమెవ్వని’లోని ‘మె’కూ పొత్తు కుదరకూడదు. దానిని ఎందుకు వదిలిపెట్టారో తెలియదు. బహుశా మొదటి పాదం దాకా చదివే తీరిక దొరకలేదేమో. నాలుగో పాదంలో ‘ఎవ్వఁడు’ ఎకారానికి ‘ఈశ్వరునే’ ఈకారం మిత్రమేనని కూడా, వారు అడగకముందే, చెప్పి ఉంచుతున్నాను.

పాదాల చివర పదాలు విరిచాడన్నది మరొక నింద. సంస్కృతంలో యతి విరామం కావచ్చు గాని తెలుగు యతి అక్షరమైత్రి. మాట పాదం దాటి పోవడం మన పద్యానికి సహజం. ‘వాఁ’ దగ్గర పాదం ముగిసినా గొంతు ఆగలేక ‘డెవ్వఁడు’ మీదికి వెళ్లిపోతుంది, మొసలి పట్టులో ఉన్న ఏనుగు మొరకు ఆ ఊపిరాడని తొందరే తగినది. నాలుగు పాదాలలో ఏడుసార్లు వినిపించే ఆ ‘ఎవ్వ’ను గణాలు నింపే పూరకమనడం చెవి లేనివారి మాట.

అయితే, పోతనను లాక్షణికులెవరూ, అంటే పద్యానికి నియమాలు రాసినవారెవరూ, వేలెత్తి చూపలేదని నేను అనను. రేఫను (ర), శకటరేఫను (ఱ) ప్రాసలో కలిపాడని వారిలో ఒకడైన అప్పకవి తప్పుపట్టాడు. నాటి నియమం ప్రకారం ఆ ఆక్షేపణ న్యాయమైనదే. సందేశం రాసినవారు ఆ దారిన వచ్చి ఉంటే కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. కాని అందుకు వారు ఈ పద్యాన్ని వదిలి మరొకటి వెతుక్కోవాలి. ఇందులో ప్రాసస్థానం నాలుగుచోట్లా వకార ద్విత్వమే (వ్వ).