విడిభాగాల లెక్క ఇప్పుడే తేలాలి

విమానవాహక నౌక మీదికి వచ్చే యుద్ధవిమానం, గంటకు రెండు వందల కిలోమీటర్లకు పైబడిన వేగంతో వచ్చి, తోక కింది కొక్కెం డెక్ మీది ఉక్కు తీగను పట్టుకోగానే సుమారు వంద మీటర్లలో ఆగిపోతుంది. ఆ కుదుపును చక్రాల కాళ్లు, కొక్కెం, లోపలి పరికరాల బిగింపులు ప్రతిసారీ భరించాలి. ఆపైన లోహాన్ని తినే ఉప్పుగాలి ఎలాగూ ఉంది. నేల మీది విమానానికి సరిపోయే విడిభాగాల లెక్క ఇక్కడ సరిపోదు.

ఈ సంగతి మనకు నౌకాదళ మిగ్-29కె విమానాలు నేర్పాయి. 2004, 2010 ఒప్పందాలతో రష్యా నుంచి 45 విమానాలు కొన్నాం. వాటిలో ఒంటి సీటు రకంలో ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి 15.93 నుంచి 37.63 శాతమేనని 2016లో కాగ్ తేల్చింది. డిజైన్ లోపాల వల్ల 40 ఇంజిన్లను పక్కన పెట్టాల్సి వచ్చిందనీ చెప్పింది. కోట్లు పోసి కొన్న విమానాలు హ్యాంగర్లలో విడిభాగాల కోసం ఎదురుచూడటం బాధాకరం.

ఇప్పుడు ఫ్రాన్స్‌తో 2025 ఏప్రిల్ 28న కుదిరిన ఒప్పందం ప్రకారం నౌకాదళానికి 26 రఫేల్ విమానాలు (డెక్ మీద దిగగల మెరైన్ రకం 22, రెండు సీట్ల శిక్షణ రకం 4) 2030 నాటికి చేరాలి. ఎన్ని విమానాలు సిద్ధంగా ఉంచారన్నదానిపై సరఫరాదారు బాధ్యతను లెక్కగట్టే నిర్వహణ విధానం ఇందులో ఉండటం మంచి మార్పు. రఫేల్‌కు వాడే ఎం-88 ఇంజిన్ల మరమ్మతు కేంద్రానికి హైదరాబాద్‌లో 2025 నవంబరులో శంకుస్థాపన జరిగింది. వైమానిక దళం కోసం కొన్న 36 రఫేల్‌లకూ అదే ఇంజిన్ కాబట్టి, ఆ భాగాల నిల్వలను రెండు దళాలూ పంచుకోవచ్చు.

మా ఆందోళన మిగతా భాగాల గురించి. డెక్ కొక్కెం, దిట్టంగా చేసిన చక్రాల కాళ్లు నౌకాదళ రకానికే ప్రత్యేకం. మన దగ్గర ఉండబోయే ఆ రకం విమానాలు 22 మాత్రమే. ఇంత కొద్ది సంఖ్య కోసం ఏ కర్మాగారమూ ఏళ్ల తరబడి ఉత్పత్తిని కొనసాగించదు. అందుకే వాటి నిల్వను విమానాలతోపాటే కొని, మరమ్మతు నైపుణ్యాన్ని ఇక్కడే నేర్పించాలి. సరఫరాదారు పనితీరును గోవా తీరంలోని స్థావరంలో కాక, సముద్రంలో ఉన్న మన విమానవాహక నౌకలు విక్రాంత్, విక్రమాదిత్యల డెక్‌ల మీద కొలవాలి. ఆ అంకెలను రక్షణ శాఖ ఏటా పార్లమెంటరీ స్థాయీ సంఘం ముందుంచాలి.