పదికి పది గదికి టన్నున్నర ఎందుకండీ?

బందరు రోడ్డులో ఏ ఏసీ షాపుకైనా వెళ్లండి. ముందు చల్లటి మంచినీళ్లిస్తారు, తర్వాత ఒకే ఒక్క ప్రశ్న: "గది సైజెంత సార్?" పదికి పది అంటే టన్నున్నర. పదికి పన్నెండు అన్నా టన్నున్నరే. "మన బెజవాడ ఎండలకి టన్ను ఏం సరిపోద్ది సార్" అని ఒక నవ్వు. ఆ మాత్రం దానికి సైజు అడగడం దేనికో నాకిప్పటికీ అర్థం కాదు.

2019లో నేనూ ఆ నవ్వుకే పడిపోయాను. సత్యనారాయణపురంలో మాది పై వాటా. అమ్మ పడుకునే గది సరిగ్గా పదికి పది. ఒక పక్క పడమటి గోడ, నెత్తిన శ్లాబు. టన్నున్నర, ఆగుతూ లేస్తూ నడిచే మామూలు కంప్రెసర్‌ది, అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఇన్వర్టర్ రకం కాదు, తెచ్చి బిగించాం. బిల్లు చూసి అమ్మ "టన్నున్నర బరువంటే గోడ ఆపుద్దంట్రా?" అంది. అందరం నవ్వాం. నిజం చెప్పొద్దూ, ఆ రోజు టన్నంటే ఏమిటో నాకూ తెలీదు. అదొక ఐసు లెక్క. దాదాపు 900 కిలోల ఐసు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి పీల్చుకుంటుందో, టన్ను ఏసీ గదిలోంచి అంత వేడి తోడేస్తుంది. కిలోవాట్లలో అయితే సుమారు మూడున్నర.

ఇక మా భాగోతం వినండి. రాత్రి పన్నెండు దాకా ఏసీ శ్లాబుతో కొట్లాడేది. పగలంతా తాగిన ఎండని శ్లాబు అప్పుడే కదా కక్కేది. పన్నెండు దాటాక అసలు రోగం మొదలు. పది నిమిషాల్లో గది గడ్డకట్టేది, కంప్రెసర్ ఠక్కున ఆగిపోయేది. కాసేపటికి మళ్లీ ధడేల్‌మని లేచేది. తెల్లార్లూ ఇదే తంతు. అటు చలి, ఇటు జిడ్డు. దుప్పటి ముట్టుకుంటే చెమ్మగా తగిలేది. మన ఊళ్లో ఎండ ఒక ఎత్తు, ఉక్కపోత ఒక ఎత్తు. మధ్యాహ్నం పడమటి గాలి పొడిగా నిప్పులా కొడుతుంది, పొద్దుగూకాక గాలి బందరు వైపు నుంచి మళ్లిందా, ఒళ్లంతా తడి. (ఆన్‌లైన్‌లో "మినీ ఏసీ" అని అమ్మే డబ్బాలు అందుకే మనకి పనికిరావు. అవి ఏసీలు కావు, నీళ్లు చల్లే ఫ్యాన్లు. తలుపులేసిన గదిలో ఉక్కకి ఉక్క జోడిస్తాయి.) ఏసీ తేమని లాగాలంటే లోపలి కాయిల్ చల్లగా ఉండి ఎక్కువసేపు నడవాలి. చిన్న గదిలో పెద్ద ఏసీ ఆ పని సరిగ్గా మొదలెట్టేలోపే ఆగిపోతుంది. డ్రైన్ పైపు కింద పెట్టిన బకెట్టు తెల్లారేసరికి సగం కూడా నిండేది కాదు. అప్పట్లో "అబ్బ, నీళ్లు తక్కువ కారుతున్నాయి, మంచి ఏసీ" అనుకున్నాను. అంతటి మేధావిని.

మే నెల మధ్యాహ్నాలు ఇంకో రకం. ఆ టన్నున్నర కూడా గదిని చల్లబరచలేక చతికిలపడేది. షాపుకి ఫోన్ చేస్తే ఏమన్నారో ఊహించండి: "రెండు టన్నులు తీసుకోవాల్సింది సార్."

చివరికి దారి చూపింది సర్వీసుకొచ్చిన మెకానిక్. లోపలి యూనిట్ వైపు కన్నెత్తి చూడలేదు. "అవుట్‌డోర్ ఎక్కడ పెట్టారన్నా?" అని నేరుగా సందులోకి నడిచాడు. మా గోడకీ పక్కింటి గోడకీ మధ్య రెండడుగుల సందు. మా అవుట్‌డోర్, వాళ్ల అవుట్‌డోర్ ఎదురెదురుగా, కయ్యానికి దిగిన కోడిపుంజుల్లాగా. అతను చెయ్యి చాపి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. నేనూ పెట్టి చూశాను, పొయ్యి మీద పెనం పక్కన పెట్టినట్టుంది. "మీరు వదిలిన వేడి వాళ్లది పీలుస్తోంది, వాళ్లు వదిలింది మీది పీలుస్తోంది. ఇది ఏసీ తప్పు కాదన్నా, సందు తప్పు." పక్కింటి పిన్నిగారు వంటింటి కిటికీలోంచి తొంగిచూసి "వేసవొస్తే నా వంటిల్లు బట్టీ అయిపోతోంది నాయనా, నీకు చెబుదామనే అనుకుంటున్నా" అన్నారు. సిగ్గేసింది.

ఏసీ చేసేది ఒక్కటే పని, లోపలి వేడిని తీసుకెళ్లి బయట పారబొయ్యడం. పారబోసే చోటే మరుగుతుంటే అది మాత్రం ఏం చేస్తుంది? పైగా, డబ్బా మీద రాసే ఆ కూలింగ్ లెక్క బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలిచింది. మనకి మేలో 44. ఆ సందులో ఎంతో దేవుడికే తెలియాలి. బయట వేడి పెరిగేకొద్దీ ఏసీ సత్తా తగ్గుతుంది, కరెంటు తాగడం పెరుగుతుంది. మరీ ముదిరితే కంప్రెసర్ తనంతట తానే ట్రిప్పవుతుంది. మాది అలాగే ట్రిప్పై ట్రిప్పై, అవుట్‌డోర్‌ని డాబా మీదకి మార్చినా కోలుకోలేదు. కొన్నాళ్లకి కంప్రెసర్ పోయింది.

2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా, రెండోది ఆ తర్వాత కొన్నాం. ఈసారి షాపుకి వెళ్లే ముందు డాబా ఎక్కాను. శ్లాబుకి తెల్లటి కూలింగ్ పెయింటు రెండు కోట్లు వేయించాను. ఒకప్పుడు డాబాలకి సున్నం కొట్టించేవాళ్లు, ఈ పెయింటు దాని మనవడు. పడమటి కిటికీకి బయటి వైపు వట్టివేళ్ల తడిక కట్టాం. తడపడానికి కాదు, నీడ కోసం. ఎండ అద్దం మీద పడ్డాక లోపల ఎంత మందం కర్టెన్ వేసినా లాభం తక్కువ. ఇంతకుముందు రాత్రి తొమ్మిదింటికి కూడా డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడలేకపోయేవాళ్లం, ఇప్పుడు ఎనిమిదింటికే పిల్లి అక్కడ పడుకుంటోంది. ఆ తర్వాత టన్ను ఇన్వర్టర్ ఏసీ కొన్నాను. అవుట్‌డోర్ డాబా మీదే, పైన చిన్న రేకు నీడ, ముందు నాలుగడుగుల ఖాళీ.

షాపువాళ్ల మాటలో నిజం అసలే లేదని అనను. శ్లాబుకి ఏమీ చెయ్యకుండా, మిట్టమధ్యాహ్నం ముగ్గురు కూర్చునే పై వాటా గదికి టన్ను చాలకపోవచ్చు. ఇన్వర్టరైతే టన్నున్నర కొన్నా నా పాత ఏసీ అంత యాగీ చెయ్యదు, కంప్రెసర్ నెమ్మదించి నడుస్తుంది. కానీ అదీ ఒక హద్దు దాకానే. పైగా అవసరం లేని అరటన్నుకి డబ్బులు పొయ్యడం దేనికి?

కరెంటు ఆదాని బట్టి ఇచ్చే స్టార్ల గొడవ ఇంకోటి. కళ్లు మూసుకుని 5 స్టార్ కొనమంటారు. లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఉంటుందే, అది 1600 గంటల లెక్క. అంటే రోజుకి ఎనిమిది గంటల చొప్పున 200 రాత్రులు. నేను చూసిన రెండు టన్ను ఏసీల్లో 3 స్టార్‌కీ 5 స్టార్‌కీ తేడా 150 యూనిట్ల చిల్లర. మా ఇంటి బిల్లు వేసవిలో 226 నుంచి 400 యూనిట్ల శ్లాబులో పడుతుంది, యూనిట్ 8.75. (పైన ఇంటి శ్లాబు, కింద కరెంటు శ్లాబు, మధ్యలో మనం.) అంటే ఏడాదికి 1300 మిగులు. రెండిటి ధరలో తేడా 8 వేలు. రాత్రి మాత్రమే వేసే గదికి ఆ డబ్బు తిరిగి రావడానికి ఆరేళ్లు. అమ్మ పగలూ ఆ గదిలోనే ఉంటుంది కాబట్టి నేను 5 స్టారే తీసుకున్నాను. మీకు అక్కర్లేకపోవచ్చు. స్టార్ల పట్టిక కొన్నేళ్లకోసారి బిగిస్తుంటారు, 2022 జులైలో బిగించినప్పుడు చాలా మోడళ్లకి ఒక స్టార్ ఊడింది. కాబట్టి స్టార్లు లెక్కపెట్టకుండా పక్కనే ఉండే ఐఎస్ఈఈఆర్ అంకె (ఏడాది మొత్తం మీద తాగిన కరెంటుకి ఎంత వేడి తోడుతుందో చెప్పే లెక్క) చూడండి, అది ఎంత పెద్దదైతే అంత మంచిది.

వైఫై, ఐదు రకాల మోడ్లు, ఫోన్‌లో బొమ్మలు, ఇవన్నీ వదిలెయ్యండి. కాపర్ కాయిల్ ఉందా, సర్వీసు సెంటరు ఊళ్లో ఉందా, పైపుకి మీటరుకి ఎంత తీసుకుంటారు, ఈ మూడూ డబ్బు కట్టకముందే అడగండి. ఏటా "గ్యాస్ కొట్టాలి సార్" అనే వాణ్ణి ఇంటి గుమ్మం ఎక్కనివ్వకండి. గ్యాస్ బండిలో పెట్రోలు కాదు అయిపోవడానికి. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే, ముందు ఆ లీకు పట్టాలి.

ఇప్పుడు అమ్మ 26లో పెట్టి, ఫ్యాన్ రెండులో వేసుకుని పడుకుంటోంది. తెల్లారేసరికి బకెట్టు నిండుతోంది. ఆ నీళ్లు డాబా మీద మల్లె కుండీలకి.

నిన్న గుంటూరు బ్రాడీపేట నుంచి తమ్ముడు మెసేజ్ పెట్టాడు: "అన్నయ్యా, పదికి పన్నెండు గది, ఎన్ని టన్నులు?" శ్లాబు ఫొటో ఒకటి, అవుట్‌డోర్ పెట్టే చోటు ఫొటో ఒకటి పంపరా అన్నాను. షాపులో కూర్చుని ఉన్నాడట.