నాన్నమ్మ ఎక్కడికి వెళ్ళింది?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఊళ్ళో కొబ్బరిచెట్లు విరిగిపడుతున్న చప్పుడుకి ఐదేళ్ళ మా అమ్మాయి నా మెడ పట్టుకుని వదల్లేదు. "దండం పెడితే గాలి ఆగుతుందని పక్కింటి మామ్మ చెప్పింది. మనం ఎందుకు పెట్టం?" అని అడిగింది. నేను దేవుణ్ణి నమ్మను. వాయుగుండం ఎలా పుడుతుందో చెప్పబోయాను. పాప ఏడుపు పెరిగింది. చివరికి మా అమ్మ దాన్ని ఒళ్ళోకి తీసుకుని, వీపు నిమురుతూ కృష్ణుడి జోలపాట పాడింది.

పాప నన్ను అడిగింది వాతావరణం గురించి కాదు. తను ఒంటరిగా లేనని తెలియడమే దానికి కావలసింది. మతం వదిలిన మాలాంటివాళ్ళం దేవుడి గూడు తీసేస్తాం. సంధ్యవేళ దీపం, పడుకునే ముందు పాట, పోయినవాళ్ళ పేరున పక్కన పెట్టే ముద్ద కూడా దానితోపాటే పోతాయి. పసిపిల్లలకు సిద్ధాంతం అందదు, ఈ పనులు అందుతాయి. వాటిని తీసేసిన చోట నేను ఏమీ పెట్టలేదు.

అలాగని నమ్మనిది నమ్ముతున్నట్టు చెప్పమనడం లేదు. చావు విషయంలో ఇది మరీ ముఖ్యం. ఐదారేళ్ళ లోపు చాలామంది పిల్లలకు పోయినవాళ్ళు ఇక తిరిగి రారన్న సంగతి పూర్తిగా అర్థం కాదు. "తాత నిద్రపోయాడు" అంటే తమకు నిద్ర వస్తేనే భయపడతారు. "మంచివాళ్ళను దేవుడు తొందరగా తీసుకుపోతాడు" అంటే మంచిగా ఉండడానికే జంకుతారు.

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇది ఇంటింటి ప్రశ్న. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో డయాలసిస్‌కి వెళ్ళివచ్చే తాతను చూస్తూ పెరిగే పిల్లలున్నారు. ఆ కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేల్చి చెప్పలేకపోతున్నారు. "ఎందుకు వచ్చింది?" అని మనవడు అడిగితే, "ఇంకా తెలియదు నాన్నా, వెతుకుతున్నారు" అనడమే నిజం. ఆ మాట చేయి పట్టుకుని చెబితే పిల్లవాడు తట్టుకుంటాడు.

దేవుడి పేరెత్తకుండా దుఃఖాన్ని మోయడం ఈ జిల్లాకు కొత్తేమీ కాదు. జముకు వాయిస్తూ చెప్పే జానపద జముకుల కథను శ్రీకాకుళం నక్సలైటు ఉద్యమ గొంతుగా మలిచిన సుబ్బారావు పాణిగ్రాహి 1969లో చనిపోయాడు. బొడ్డపాడు అనే ఊళ్ళో ఆ ఉద్యమంలో పోయినవాళ్ళకు స్మారకం కట్టుకున్నారు, పాటలతో తలుచుకుంటారు. ఆ రాజకీయాలతో ఎవరికి ఏ పేచీ ఉన్నా, నలుగురూ చేరి పోయినవాళ్ళ పేర్లు పలికి పాడుకోవడంలో ఎంత బలం ఉందో అక్కడ కనిపిస్తుంది. అంత పని చేసినవాళ్ళ వారసులం, ఇంట్లో చంటిపిల్ల ముందు ఎందుకు మూగబోతున్నాం?

పెద్దవాళ్ళ నమ్మకాన్ని పిల్లల నుంచి దాచడం కూడా తప్పే. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడడానికి నాన్నమ్మతో వెళ్ళనివ్వాలి. "నాన్నమ్మ నమ్ముతుంది, నేను నమ్మను" అని చెబితే పిల్లలు తికమకపడతారని కొందరు మిత్రులు అంటారు. నా అనుభవం అది కాదు. నేను అడ్డుపడేది "దేవుడు చూస్తున్నాడు, కళ్ళు పోతాయి" అన్న బెదిరింపుకే. అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్దిరోజులు తొలి కిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. సూర్యుడు తనను తాను చూసుకోవడానికి వస్తాడని మా అమ్మ చెప్పేది. సూర్యుడు ఉదయించే చోటు ఏడాది పొడుగునా జరుగుతూ, రెండుసార్లు అదే చోటికి వస్తుందని నేను చెప్పాను. పాప రెండూ విని, రెండూ దాచుకుంది.

మరుసటి ఏడాది అమ్మ పోయింది. "నాన్నమ్మ ఎక్కడికి వెళ్ళింది?" అంది పాప. "ఎక్కడికీ వెళ్ళలేదమ్మా. చనిపోయింది. ఇక రాదు" అన్నాను. ఇద్దరం ఏడ్చాం. చాలాసేపటికి, "మరి కథ ఎవరు చెబుతారు?" అంది. అరసవల్లి సూర్యుడి కథ మొదలుపెట్టాను. సగంలోనే నా నోటికి చేయి అడ్డం పెట్టి, "నాన్నమ్మ అలా చెప్పదు" అని, తనే మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.