సర్వీస్ రెడీ

ప్రభుత్వ పత్రాల్లో నాకు బాగా నచ్చిన మాట ‘సర్వీస్ రెడీ’. పంచాయతీ ఆఫీసు దాకా ఫైబర్ కేబుల్ లాగి, లోపల గోడకు ఒక డబ్బా బిగిస్తే ఆ ఊరు సర్వీస్ రెడీ అయినట్టు. దాన్ని ఎవరైనా వాడుతున్నారా అన్నది వేరే పట్టికలో ఉంటుంది. ఆ పట్టిక దాకా చదివే ఓపిక ఎవరికీ ఉండదు. ఊళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే కేంద్ర పథకం భారత్‌నెట్ కింద ఇప్పటికి 2 లక్షలకు పైగా పంచాయతీలు ఇలా రెడీ అయి కూర్చున్నాయి.

గిట్టనివాళ్లు దీన్ని వెక్కిరిస్తారు. నేను మాత్రం మా ఇంట్లో అమలు చేసి చూశాను. మొన్న ఆదివారం వంట నా వంతు. బియ్యం కడిగి కుక్కర్ పక్కన పెట్టి, ‘భోజనం సర్వీస్ రెడీ’ అని ప్రకటించాను. మా ఆవిడ విధాన పత్రాలు చదివే మనిషి కాదు. ఒప్పుకోలేదు.

ఈ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబరులో ఆమోదం చెప్పింది. రెండున్నర లక్షల పంచాయతీలు, రెండేళ్ల గడువు. 2015 వచ్చేసరికి కేబుల్ ఇంకా దారిలోనే ఉంది గానీ, భారత్‌నెట్ అన్న కొత్త పేరు మాత్రం దేశమంతటికీ చేరిపోయింది. 2020 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని, వెయ్యి రోజుల్లో 6 లక్షల గ్రామాలకూ ఫైబర్ వేస్తామన్నారు. ఆ వెయ్యో రోజు 2023 మే నెలలో వచ్చి, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్లిపోయింది. మూడు నెలలు తిరక్కుండానే సవరించిన భారత్‌నెట్‌కు 1.39 లక్షల కోట్లు మంజూరయ్యాయి. గడువు దాటితే చిన్నవాళ్లకు ఫైన్ పడుతుంది. పెద్దవాళ్లకు బడ్జెట్ పెరుగుతుంది.

ఇక 2025 బడ్జెట్‌లో, గ్రామాల్లోని ప్రభుత్వ సెకండరీ స్కూళ్లన్నిటికీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలన్నిటికీ బ్రాడ్‌బ్యాండ్ ఇస్తామన్నారు. పథకం మొదలైన పద్నాలుగో ఏట, పంచాయతీ ఆఫీసుకు ఎదురుగా ఉన్న బడి ఢిల్లీకి కనబడింది. ఆఫీసు నుంచి బడికి మధ్యనున్న ఆ దూరాన్నే శాఖ భాషలో ‘లాస్ట్ మైల్’ అంటారు. మా ఊళ్లో అది కోళ్లు రోజుకు పదిసార్లు దాటే రోడ్డు.

డబ్బుల్లేవా అంటే, ఉన్నాయి. 2002 నుంచి దీనికోసం ఒక ఫండ్ ఉంది. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం లెవీ. కంపెనీలు కడతాయంటే అర్థం, మీ రీచార్జ్‌లో మీరే కడుతున్నారని. అది ముందు కేంద్రం సంఘటిత నిధిలోకి వెళ్తుంది. అక్కడి నుంచి పార్లమెంటు కేటాయిస్తేనే కిందికి దిగుతుంది. వెళ్లేటప్పుడు ఫైబర్ వేగం, వచ్చేటప్పుడు ఎడ్లబండి. ఇప్పుడు దాన్ని డిజిటల్ భారత్ నిధి అంటున్నారు. పేర్లు మార్చడంలో మాత్రం మనకు ఎప్పుడూ ఫుల్ సిగ్నలే.

బడులు, ఆరోగ్య కేంద్రాలు అన్న ఆ బడ్జెట్ వాక్యంలో లైబ్రరీ లేదు. లైబ్రరీకి ఇంకో దారి ఉంది కదా! మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. స్థానిక సంస్థలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వాలి. వసూలు బాగానే జరుగుతుంది. ఇవ్వడం దగ్గరే బకాయిలు పేరుకుంటాయి. 1935లో గుంటూరు జిల్లా పెదవడ్లపూడి దగ్గర గ్రంథాలయ ఉద్యమకారుడు పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెత్తించి, కాలువ వెంట ఊరూరా పంపారు. ఆ పడవను సర్వీస్ రెడీ అని ఎవరూ ప్రకటించినట్టు లేదు. అది నేరుగా రేవుకొచ్చి పుస్తకం ఇచ్చేది. పాతకాలం వాళ్లు, ప్రొసీజర్ తెలియదు.

ఆరోగ్య కేంద్రం సంగతి కూడా చెప్పుకోవాలి. వీడియోలో పెద్దడాక్టరు నాలుక చాపమంటాడు. పేషెంటు చాపుతాడు. బొమ్మ అక్కడే ఆగిపోతుంది. దీన్ని నెట్ ప్రాబ్లం అనడం తొందరపాటు. నాలుకను తీరిగ్గా పరిశీలించడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఏముంది?

పోయిన వారం మా ఊరి బడికి వెళ్లాను. టీచరమ్మ వరండా చివర నిలబడి, ఫోను వేపచెట్టు వైపు ఎత్తి పట్టుకున్నారు. హాజరు యాప్ తిరుగుతోంది, తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది.

“మీ బడికి నెట్ ఎవరు ఇస్తున్నారండీ?” అని అడిగాను.

“మా ఆయనండీ. రీచార్జ్ ఆయనే చేయిస్తారు” అన్నారు.

ఇరవై ఏళ్లకు పైగా వసూలవుతున్న ఆ లెవీ కన్నా, ఈయన ఫండే సమయానికి విడుదలవుతోంది. కేటాయింపు, వినియోగం రెండూ ఒకే రోజు. ఆడిట్ కూడా అదే రాత్రి ఇంట్లో జరుగుతుందట.

అక్కడి నుంచి పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను. కిటికీలోంచి చూస్తే డబ్బా ఉంది. తలుపుకు తాళం ఉంది. తాళంచెవి సెక్రటరీ గారి దగ్గర, సెక్రటరీ గారు మండలంలో మీటింగులో ఉన్నారని అరుగు మీద కూర్చున్న పెద్దాయన చెప్పాడు.

“ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చుగా బాబాయ్, ఆ మీటింగు?”

“పెడదామనే అనుకున్నారంట. నెట్ లేదని అందర్నీ అక్కడికే రమ్మన్నారు.”