గేటు యాప్ గారికి

అయ్యా,

తమరి దయ ఉంటే ఇంటికి చుట్టాలు రాగలిగే ఒక నార్సింగి ఫ్లాటు యజమాని రాసుకునే విన్నపం.

నిన్న మిట్టమధ్యాహ్నం తెనాలి నుంచి ఆవకాయ జాడీతో వచ్చిన మా మేనత్తను తమరు గేటు బయట నిలబెట్టారు. నోటిఫికేషన్ పంపామన్నారు. అది నాకు చేరేసరికి ఆవిడ భోజనం చేసి కునుకు తీస్తోంది. ‘అతిథిని అనుమతిస్తారా?’ అన్న ఆ ప్రశ్న పైన ఇంటి రుణం ప్రకటన కూడా ఉంది, సంతోషం.

ఆవిడ ఫోను చేస్తే నేనే కిందికి పరుగెత్తాను. పక్కన నిలబడి ‘మా అత్తయ్య’ అంటున్నా, ‘యాప్‌లో నొక్కాలి సార్’ అన్నాడు వాచ్‌మన్. పోయిన సంక్రాంతికి ఆవిడ సంచి లిఫ్టు దాకా మోసినవాడు, ఆవిడ పెట్టిన అరిసెలు తిన్నవాడు! ‘అమ్మగారు నాకు తెలుసు సార్. నాకు తెలిస్తే సరిపోదు’ అని తలొంచుకున్నాడు. మనుషుల్ని గుర్తుపట్టడమే అతని ఉద్యోగం కదయ్యా! దాన్నీ లాక్కుంటే అతను మిగిలిందెందుకు, తమరి ట్యాబ్‌కు ఛార్జింగ్ పెట్టడానికా?

ఈలోగా ఎవరింటికో కొత్తిమీర కట్ట తెచ్చిన కుర్రాడు సర్రున లోపలికి దూసుకుపోయాడు. లోపల అతన్ని సామాన్ల లిఫ్టుకు తోలుతారనుకోండి, అది వేరే సంగతి.

చివరికి అత్తయ్య ఫొటో, నంబరు తీసుకుని గానీ లోపలికి వదల్లేదు. ఎందుకో చెప్పి సమ్మతి తీసుకోవాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అంటోంది. ఎండలో నిలబెట్టి అడిగితే ఎవరైనా సమ్మతి కాక ఇంకేమిస్తారు?

ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు నక్షత్రాలు వేయమంటున్నారు. జీతం ఎగ్గొట్టే యజమానికి వాళ్లెక్కడ వేయాలి?

చిక్కడపల్లిలో ఉన్నప్పుడు మా ఇల్లు అడిగితే ఇస్త్రీ బండి ఆయన పని ఆపి మరీ గుమ్మం దాకా తీసుకొచ్చేవాడు. దారిలో మా ఇంటి గుట్టంతా చెప్పేవాడు కూడా. ఆ మాటకొస్తే గుట్టు తమరికీ తెలుసు. ఎదురింటివాళ్ల పేరు నాకు తెలియదు గానీ, వాళ్లకు పిజ్జా ఎప్పుడొచ్చిందో తమరి దగ్గర లెక్కుంది.

ఇక మర్యాద నా వల్ల కాదు. వచ్చే నెల సంఘం సమావేశంలో తమరి చందా మీద ఓటింగు పెట్టిస్తున్నాను. చేతులెత్తే ఓటింగు. నోటిఫికేషన్ పంపక్కర్లేదు.

ఇట్లు,
ఫ్లాటు నంబరు తమరికి తెలిసిందే.