వాకింగ్ చేస్తే తగ్గే జబ్బు కాదు మా చెల్లిది

ఇప్పుడే మా అత్తమ్మను ఆటో ఎక్కించి వచ్చాను, కోపంతో చేతులు ఇంకా వణుకుతున్నాయి. నల్లకుంట నుంచి ప్రేమగా సకినాలు చేసి పట్టుకొచ్చింది, కాదనను. కానీ చెల్లి గదిలోకి వెళ్ళి టక్కున లైటు వేసి, "ఇంకా ఎన్నాళ్ళే ఈ పడక? పొద్దున్నే లేచి కేబీఆర్ పార్కులో రెండు రౌండ్లు కొట్టు, అదే పోతుంది" అంది. చెల్లి దుప్పటి మొహం మీదికి లాక్కుంది, మారు మాట్లాడలేదు. నాలుగు మాటలు మాట్లాడినా రేపు దానికి మంచంలో లెక్క చెప్పుకోవాలి తను.

2021 మేలో కోవిడ్ వచ్చింది. జ్వరం వారంలో పోయింది, ఒంట్లో సత్తువ మాత్రం మళ్ళీ రాలేదు. థైరాయిడ్, బీ12, డి విటమిన్, గుండె, అన్నీ చూశారు, అన్నీ నార్మల్. ఒక డాక్టరైతే పెళ్ళి చేయండి, సర్దుకుంటుంది అన్నాడు. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనే పేరు వినడానికి మాకు రెండేళ్ళు పట్టింది.

అసలు ఆ పేరులోని అలసట అన్న మాటే కొంప ముంచుతోంది. మన అలసట పడుకుంటే పోతుంది, వీళ్ళది పోదు. శక్తికి మించి కాస్త కదిలినా ఆ పూట కాదు, మర్నాడో మూడోనాడో వచ్చి పడేస్తుంది. ఒళ్ళంతా నొప్పులు, తల మొద్దుబారడం, వెలుతురు పడదు, చప్పుడు పడదు. కుక్కర్ విజిల్ వేసేలోపే అమ్మ పరుగెత్తి వెళ్ళి తన గది తలుపు వేసి వస్తుంది. స్నానం ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చునే. తలస్నానం వారానికి ఒక్కసారి, ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోదు, జడ అమ్మే వేస్తుంది. ముప్పై ఏళ్ళ పిల్లకి.

ఎప్పుడు తగ్గుతుంది అని అందరూ అడిగేవాళ్ళే. నేనూ అడిగాను. పిల్లల్లో, టీనేజీ వాళ్ళలో కోలుకునే అవకాశం కొంచెం మెరుగట. పెద్దవాళ్ళ మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2005లో చూస్తే, పూర్తిగా మామూలు మనిషి అయింది వందలో 5 మంది, కొంతైనా మెరుగైంది 40 మంది దాకా. ఆ 40 లో మా చెల్లి ఉండాలని నేను మొక్కని దేవుడు లేడు. దీన్ని నయం చేసే మందు ఇంతవరకు లేదు. ఉన్న శక్తిని చూసి చూసి ఖర్చు పెట్టుకోవడం, అంతే. మెల్లమెల్లగా వ్యాయామం పెంచండి అని 2007లో డాక్టర్లకు రాసిచ్చిన బ్రిటన్ వాళ్ళే 2021లో ఆ సలహా తీసేశారు. అక్కడ తీసేసిన మాట ఇక్కడ మా హాల్లో సోఫాలో కూర్చుని ప్రతి చుట్టమూ చెప్తున్నారు.

చెప్పి ఊరుకున్నా బాగుండేది. 2023లో మా బాబాయి కూతురి పెళ్ళి, కొంపల్లి దగ్గర ఫంక్షన్ హాలు. అరగంట కూర్చుని వచ్చేస్తాం అని ముందే చెప్పి తీసుకెళ్ళాం. బాబాయి చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కించాడు, ఫోటోలు, మళ్ళీ ఫోటోలు, డీజే బాక్సుల పక్కనే. నేను అడ్డం వెళ్తే, "దానికి జబ్బు లేదు, నువ్వే అలవాటు చేశావు" అన్నాడు అందరి ముందూ. మూడో రోజు నుంచి చెల్లి లేవలేదు. మూడు వారాలు అమ్మ స్పూనుతో జావ తాగించింది. అంతకుముందు సాయంత్రాలు బాల్కనీలో పది నిమిషాలు కూర్చునేది, తులసి కుండీకి తనే నీళ్ళు పోసేది. ఆ పది నిమిషాలు ఇప్పటికీ తిరిగి రాలేదు బాబాయ్. ఆల్బమ్‌లో మాత్రం తను నవ్వుతూనే ఉంది, "ఎంత బాగుందో చూడు" అని మీరు అందరికీ అదే చూపిస్తారు.

ఇన్నేళ్ళూ ఏ ఫంక్షన్‌కి పిలిచినా చెల్లికి జ్వరం అనో, విరేచనాలు అనో చెప్పి తప్పించాను. ఆ జబ్బులైతే ఎవరూ కాదనరు. వచ్చే నెల అత్తమ్మ కోడలి సీమంతం. చెల్లి రాదు. రేపు ఫోన్ చేసి చెప్తాను, ఈసారి జ్వరమని మాత్రం చెప్పను.